చందా తేదీ, ఫైలు తేదీ

2024 మార్చి 4న భారతీయ స్టేట్ బ్యాంకు సుప్రీంకోర్టు తలుపు తట్టి, ఎన్నికల బాండ్ల లెక్క అప్పజెప్పడానికి జూన్ 30 దాకా గడువు కావాలంది. బాండ్లు కొన్నవాళ్ల వివరాలు ఒకచోట, వాటిని సొమ్ము చేసుకున్న పార్టీల వివరాలు మరోచోట ఉన్నాయనీ, 22,217 బాండ్లను జతపరచడం తేలిక కాదనీ చెప్పుకుంది. జూన్ 30 అంటే లోక్‌సభ ఎన్నికలు అయిపోయి, కొత్త ప్రభుత్వం కొలువుదీరిన తర్వాత అన్నమాట. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 21న బాండ్ల నంబర్లతో సహా వివరాలన్నీ బయటికొచ్చాయి. దేశంలోకెల్లా పెద్ద బ్యాంకు దాదాపు నాలుగు నెలలు పడుతుందన్న జతపరచే పనిని పత్రికా కార్యాలయాల్లో మామూలు కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు చూస్తుండగానే ముగించేశారు. దీన్ని బట్టి తెలిసేది ఒక్కటే. రాజకీయ విరాళం ప్రభుత్వ నిర్ణయాలను ఎంతవరకు వంచుతుందో మనకు తెలియకపోవడానికి కారణం ఆ విషయం అంతుచిక్కనిది కావడం కాదు. దాన్ని తేల్చే రెండు ఖాతా పుస్తకాలను, చందాలదీ ప్రభుత్వ ఫైళ్లదీ, ఎవరూ ఒక బల్లమీద పక్కపక్కన పెట్టకుండా మన చట్టాలు జాగ్రత్తపడ్డాయి.

'క్విడ్ ప్రో కో' అనే లాటిన్ మాటకు తెలుగు పాఠకుల దగ్గర అర్థం చెప్పనక్కర్లేదు. 2011 నాటి సీబీఐ కేసుల పుణ్యమా అని అది మనకు 'టెండరు', 'జీవో' అంత సొంతమాట అయిపోయింది. అయితే ఆ మాటతోపాటు ఒక చిక్కు కూడా వచ్చిపడింది. రాజకీయ చందా ప్రస్తావన రాగానే మన ఆలోచన తిన్నగా కోర్టు బోనులోకి పోతుంది. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, బదులుగా ఏ కాగితంమీద సంతకం పడింది, చూసిన సాక్షి ఎవరు అని అడుగుతాం. ఈ ప్రశ్నలకు జవాబు దొరకడం ఎంత కష్టమో పన్నెండేళ్లు దాటినా తేలని కేసులే చెబుతాయి. బాండ్లమీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలన్న పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందన్న ఊహమీద మూకుమ్మడి విచారణకు ఆదేశించలేమనీ, ఆరోపణ ఉన్నవాళ్లు మామూలు చట్టమార్గాల్లో వెళ్లవచ్చనీ అంది. న్యాయమూర్తుల కోణంలో అది సబబే. కానీ అదే కోర్టు ఆర్నెల్ల ముందు, ఫిబ్రవరి 15న, బాండ్ల పథకాన్ని కొట్టేస్తూ కంపెనీలిచ్చే చందాలను ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీలుగానే చూడాలంది. డబ్బు ఇచ్చినవాళ్లకు పాలకుల చెంత చోటు దొరుకుతుందనీ, ఆ చోటే విధానాల్లోకి దారి తీస్తుందనీ కూడా అంది. సూత్రంగా ఒప్పుకున్న సంగతిని విడివిడి కేసులుగా రుజువు చేయాలంటే సాధ్యం కావడం లేదు. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీని పూడ్చాల్సింది పోలీసు దర్యాప్తు కాదు, పరిశోధన. ఒక దాత, ఒక మంత్రి మధ్య ఏం జరిగిందో పరిశోధన చెప్పలేదు. వెయ్యిమంది దాతల, వెయ్యిమంది దాతలు కానివాళ్ల ఫైళ్లు ఎలా నడిచాయో చెప్పగలదు. పౌరుడికి కావలసింది అదే.

ఈ పరిశోధన ఎక్కువగా సాగింది అమెరికాలో. 1970ల సంస్కరణల దరిమిలా అక్కడ 200 డాలర్లు దాటి చందా ఇచ్చినవారి పేరు, వృత్తి, పనిచేసే సంస్థ ఎన్నికల సంఘం రికార్డులోకి ఎక్కుతాయి. సభ్యులు ఏ బిల్లుకు ఎలా ఓటేశారో కూడా రికార్డులో ఉంటుంది. రెండూ చేతికొచ్చాక పండితులు ఊరుకుంటారా? చందాకూ ఓటుకూ లంకె వెతుకుతూ పదుల సంఖ్యలో అధ్యయనాలు వచ్చాయి. ఫలితం మాత్రం నిరాశ కలిగించింది. 2003లో స్టీఫెన్ ఆన్సొలబెహియర్, జాన్ డి ఫిగ్యురేడో, జేమ్స్ స్నైడర్ అలాంటి సుమారు 40 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, నాలుగింట మూడు వంతుల సందర్భాల్లో చందాకు చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు, లేదా ఊహించినదానికి ఎదురుగా కనిపించింది. అంతకు మూడు దశాబ్దాల ముందే గోర్డన్ టల్లాక్ అనే అర్థశాస్త్రవేత్త ఒక చిక్కుప్రశ్న వేశాడు. ప్రభుత్వం చేతిలో ఉన్న లాభం అంత పెద్దదైతే, దాన్ని కొనుక్కోవడానికి కంపెనీలు పెడుతున్న డబ్బు మరీ ఇంత కొంచెమేమిటి అని. చందాలను వెనకేసుకొచ్చేవాళ్లకు ఈ అధ్యయనాలు నేటికీ కంచుకోట. 'చూశారుగా, రుజువు లేదు' అంటారు.

రుజువు దొరకనిది వెతికిన చోటు తప్పవడం వల్ల. సభలో ఓటు అనేది ఒక నిర్ణయం జీవితంలో చిట్టచివరి మజిలీ, అందరి కళ్లూ ఉండే మజిలీ. అక్కడికి వచ్చేసరికి బేరాలన్నీ ముగిసిపోయి ఉంటాయి. ఎవరి గోడు మొదట విన్నారు, ఏ సవరణ కమిటీ గదిలోనే రాలిపోయింది, ఏ నిబంధనకు మినహాయింపు చేరింది అన్నవి ఓట్ల పట్టికలో కనబడవు. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ చేసిన ప్రయోగం ఈ మెలికను పట్టుకుంది. 2016లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో, ఒక రాజకీయ సంస్థ 191 మంది అమెరికా కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలకు భేటీ కోరుతూ వినతులు పంపింది. వచ్చేవాళ్లు స్థానిక నియోజకవర్గ ప్రజలని కొందరికి చెప్పింది, రాజకీయ దాతలని కొందరికి చెప్పింది. ఎవరికి ఏది చెప్పాలన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. దాతలన్న మాట చెవిన పడ్డప్పుడు సభ్యుడో ఉన్నతస్థాయి సహాయకుడో స్వయంగా కలిసే అవకాశం మూడు రెట్లకు పైగా పెరిగింది. ఓటు కొన్నారని ఇది చెప్పదు. గుమ్మం ఎవరికి తెరుచుకుంటుందో చెబుతుంది, సందేహానికి తావులేకుండా చెబుతుంది.

మన దేశంలోనైతే ఓట్ల పట్టిక చూడ్డమే దండగ. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక సభ్యుడి ఓటు సభ్యుడిది కాదు, పార్టీ విప్‌ది. ఒక ఎంపీకి చందా ఇచ్చి అతడి ఓటును వంచుకోవాలనుకునే అమాయక వ్యాపారి ఇక్కడ ఉండడు. డబ్బు చేరేది పార్టీ పెద్దకు, ఫలం అందేది సచివాలయంలో. అదీ ఒకే రూపంలో అందదు. టెండరు పిలిచేముందు అర్హత నిబంధనలు ఎలా రాశారు, పని మధ్యలో అంచనాలు ఎంత పెంచారు, గడువు ఎన్నిసార్లు పొడిగించారు, అదనపు పనిని నామినేషన్ మీద ఎవరికిచ్చారు, అన్నిటికీ మించి చేసిన పనికి బిల్లు ఎవరికి ముందు చెల్లించారు? తెలుగు రాష్ట్రాల్లో చిన్నా పెద్దా కాంట్రాక్టర్లను అడిగితే పని దొరకడంకన్నా బిల్లు రాబట్టుకోవడమే గండమంటారు. ఖజానాలో డబ్బు చాలనప్పుడు వెయ్యి బిల్లుల్లో ఏ వంద పాసవ్వాలో నిర్ణయించే చేతికి మించిన అధికారం వేరే లేదు. ఆ నిర్ణయానికి సభలో చర్చ ఉండదు, ఓటింగు ఉండదు, జీవో కూడా అక్కర్లేదు.

'లోయెస్ట్ కోట్ చేసినవాడికే పని ఇచ్చాం, ఇందులో ప్రభావం ఎక్కడ?' అన్న వాదన తేలిపోయేది ఈ కారణంగానే. తక్కువ ధర అన్నది ఒక్కరోజు ముచ్చట. ఆ ఒక్కరోజుకు ముందూ వెనకా ఉన్న ఏళ్లే ప్రభావానికి ఆటస్థలం. ఇది ఊహ కాదు, కొలిచి చూసిన సంగతి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల కాంట్రాక్టుల్లో ఎమ్మెల్యేకు చట్టప్రకారం ఏ పాత్రా లేదు. అయినా జొనాథన్ లేనే, జాకబ్ షపీరో, ఒలివర్ వాండెన్ ఐండ్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఏం తేల్చిందంటే, బొటాబొటి మెజారిటీతో తేలిన నియోజకవర్గాల్లో ఎన్నిక తర్వాత, గెలిచిన ఎమ్మెల్యే ఇంటిపేరు వంటి పేరున్న కాంట్రాక్టర్ల వాటా 4 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది. అలాంటి జోక్యం ఉన్నచోట రోడ్డు ఖర్చు పెరిగింది, కాగితంమీద పూర్తయి నేలమీద కనబడని రోడ్లూ పెరిగాయి. బొటాబొటి మెజారిటీ ఎన్నికలనే ఎందుకు ఏరుకున్నారు? వందల ఓట్ల తేడాతో గెలిచినవాడికీ ఓడినవాడికీ మధ్య ఉన్న భేదం దాదాపు అదృష్టం. నియోజకవర్గమూ అదే, కాంట్రాక్టర్లూ వాళ్లే. కాబట్టి ఎన్నిక తర్వాత కనబడిన మార్పు గెలుపు తెచ్చిన మార్పేనని నమ్మకంగా చెప్పవచ్చు. బ్రెజిల్‌లో టేలర్ బోవాస్, డేనియల్ హిడాల్గో, నీల్ రిచర్డ్‌సన్ ఇదే కొలబద్దతో చందాలనే కొలిచారు. పాలకపక్షమైన వర్కర్స్ పార్టీ అభ్యర్థికి చందా ఇచ్చిన ప్రభుత్వ పనుల కంపెనీకి, ఆ అభ్యర్థి గెలిస్తే, ఇచ్చిన మొత్తానికి కనీసం 14 రెట్ల విలువైన కాంట్రాక్టులు అదనంగా దక్కాయని 2014లో లెక్కగట్టారు. మరుసటి ఏడాది బ్రెజిల్ సుప్రీంకోర్టు కంపెనీల చందాలను ఏకంగా నిషేధించింది. అమెరికాలో ఇలాంటి కొలతలే కంపెనీలకు లాభమేమీ కనబడలేదన్న ఫలితాన్నీ ఇచ్చాయి. దాన్ని దాచడం అన్యాయం. కానీ ఆ తేడాలోనే విషయముంది. టెండరు, బిల్లు, లైసెన్సు మంత్రి కనుసన్నల్లో నడిచేచోట చందాకు విలువ హెచ్చు. మన పాలన ఎవరి పాలనకు దగ్గరో పాఠకులు ఆలోచించుకోవచ్చు.

లెక్కలు దొరకనప్పుడు పరిశోధకులు అపరాధ పరిశోధకుల అవతారం ఎత్తాల్సి వచ్చింది. దేవేశ్ కపూర్, మిలన్ వైష్ణవ్ సిమెంటు వాడకాన్ని పట్టుకున్నారు. ఎన్నికల నెలలో సిమెంటు గిరాకీ పడిపోవడం చూపి, నిర్మాణ రంగంలో తిరగాల్సిన డబ్బు ఆ సమయానికి రాజకీయాల్లోకి మళ్లుతోందని వాదించారు. సందీప్ సుఖ్‌తాంకర్ మహారాష్ట్ర చక్కెర మిల్లులను చూశాడు. మిల్లు పెద్దలు రాజకీయాల్లో ఉన్నచోట ఎన్నికల ఏడాది రైతుకు చెరకు ధర తగ్గిపోతోందని 2012లో చూపాడు. ప్రచార ఖర్చుకు చందా ఇస్తున్నది ఎవరంటే, తనకు తెలియకుండా చెరకు రైతు! ఇవి గొప్ప అధ్యయనాలే. అయినా ఒక ప్రజాస్వామ్యంలో పార్టీల డబ్బు సంగతి తెలుసుకోవడానికి సిమెంటు బస్తాలు లెక్కపెట్టాల్సి రావడం ఏం మర్యాద?

ఇంతకాలానికి బాండ్ల పుణ్యమా అని అసలు లెక్క, కొద్దిపాటిగానైనా, చేతికొచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా బీజేపీకి 6,060 కోట్లు అందాయి. కేంద్రంలో ఉన్న పార్టీ కాబట్టి అందులో వింత లేదు. ఆ కింది వరుస చూడండి. 2019లో 52 మంది ఎంపీలను గెలిపించుకున్న కాంగ్రెస్‌కు 1,421 కోట్లు వస్తే, 9 మందిని గెలిపించుకున్న బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు వచ్చాయి. బెంగాల్ తృణమూల్‌కు కాంగ్రెస్‌ను మించి 1,609 కోట్లు, ఒడిశా బిజూ జనతాదళ్‌కు 775 కోట్లు. పార్లమెంటులో బలాన్ని బట్టి డబ్బు నడవలేదు, సచివాలయం తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూసి నడిచింది. అలాగని సూత్రం అన్నిచోట్లా ఒకేలా అతకదు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లు ఏలిన వైఎస్సార్‌సీపీకి 337 కోట్లయితే, ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశానికి 218 కోట్లు. దాతలు నిన్నటి అధికారాన్నే కాదు, రేపటి అధికారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారన్నమాట. 'నమ్మిన సిద్ధాంతానికి చందా ఇవ్వడం తప్పా?' అని అడిగేవారికి కూడా ఇందులో జవాబుంది. రూ.966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో నిలిచిన హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ బీజేపీకి, బీఆర్‌ఎస్‌కు, డీఎంకేకు, వైఎస్సార్‌సీపీకి, తెలుగుదేశానికి, కాంగ్రెస్‌కు కూడా ఇచ్చింది. ఇన్ని సిద్ధాంతాలను ఏకకాలంలో నమ్మడం మనుషులకు సాధ్యం కాదు, కంపెనీలకూ కాకపోవచ్చు.

అయినా ఇక్కడ తొందరపడకూడదు. బాండ్ల జాబితా నుంచి అందరూ ఉదాహరించే సందర్భం అరబిందో ఫార్మాది. ఢిల్లీ మద్యం కేసులో ఆ కంపెనీ డైరెక్టరును 2022 నవంబరు 10న ఈడీ అరెస్టు చేసింది. అయిదు రోజుల తర్వాత కంపెనీ 5 కోట్ల బాండ్లు కొంది, బీజేపీ వాటిని సొమ్ము చేసుకుంది. 2023లో ఆయన అప్రూవర్ అయ్యాడు. ఆ నవంబరులో కంపెనీ మరో 25 కోట్లు బీజేపీకే ఇచ్చింది. తేదీల వరుస చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. రావాలి కూడా. కానీ అదే కంపెనీ అరెస్టుకు ముందూ బీజేపీకి ఇచ్చింది, బీఆర్‌ఎస్‌కు 15 కోట్లు, తెలుగుదేశానికి రెండున్నర కోట్లు ఇచ్చింది. వరుసే కారణం అనడానికి ఇది చాలదు. అన్నిటికన్నా ఎక్కువగా, రూ.1,368 కోట్ల బాండ్లు కొన్నది లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్. దాని సొమ్ములో 500 కోట్లకు పైగా చేరింది డీఎంకేకు, అదీ 2003 నుంచి లాటరీ నిషేధంలో ఉన్న తమిళనాడులో. ఏ లాభం ఆశించి ఇచ్చినట్టు? సులువైన కథ ఇక్కడ పనిచేయదు. దర్యాప్తు సంస్థల దాడుల తర్వాత బాండ్లు కొన్న కంపెనీల జాబితాలు పత్రికలు వేశాయి, మంచి పని చేశాయి. అయితే దాడులు జరిగీ చందా ఇవ్వని కంపెనీలెన్ని? వాటి కేసులు ఏమయ్యాయి? దాడి లేకుండానే ఇచ్చినవి ఎన్ని? పక్కన పోల్చడానికి ఈ రెండో జాబితా లేకుండా మొదటి జాబితా ఎంత పొడవున్నా అది ఆరోపణ దగ్గరే ఆగిపోతుంది. ఆ రెండో జాబితా ప్రభుత్వాల బీరువాల్లో ఉంది. చందా తేదీలు బయటికొచ్చాయి, ఫైళ్ల తేదీలు రాలేదు.

పారదర్శకతకు ఎదురుగా చెప్పే వాదనల్లో గట్టిది ఒకటుంది. పేరు బయటపడితే అధికారపక్షం కక్షగడుతుందని, దాతకు రక్షణ కావాలని కేంద్రం కోర్టులో చెప్పింది. భయం నిజమైనదే. ప్రతిపక్షానికి ఇచ్చిన వ్యాపారికి ఏం జరుగుతుందో ఏ రాష్ట్రంలోనైనా తెలుసు. కానీ బాండ్ల పథకం ఆ భయాన్ని పోగొట్టలేదు, ఒకవైపుకు తిప్పింది. బాండ్లు అమ్మింది ప్రభుత్వ బ్యాంకు, కొన్నవాడి వివరాలన్నీ దాని దగ్గరున్నాయి. తెలియాలనుకుంటే పాలకులకు తెలుస్తుంది, తెలియనిది జనానికి మాత్రమే. పేరు నలుగురికీ తెలిస్తేనే కక్షసాధింపు కూడా నలుగురి కంటా పడుతుంది. చందా ఇచ్చిన నెల తర్వాత తనిఖీ బృందం గుమ్మంలో దిగితే ఆ తేదీలే వ్యాపారికి సాక్ష్యమవుతాయి. చిన్న దాతల సంగతి వేరు, ఒక పరిమితి కింద వాళ్ల పేర్లు దాచవచ్చు. వందల కోట్ల కంపెనీకి ఆ ముసుగు అక్కర్లేదు.

బాండ్లు పోయాక మన చేతిలో మిగిలింది ఏమిటి? కంపెనీ చందాకు మూడేళ్ల సగటు నికరలాభంలో 7.5 శాతం పరిమితి తిరిగొచ్చింది, సంతోషం. కానీ 2013 నాటి ఎలక్టోరల్ ట్రస్టులు ఉన్నాయి. చాలా కంపెనీలు ఒక ట్రస్టులో వేస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. ఎవరి రూపాయి ఏ పార్టీకి చేరిందో మధ్యలో చెదిరిపోతుంది. పార్టీలు 20 వేలు మించిన చందాల జాబితాను ఏడాదికొక్కసారి ఇస్తాయి, అదీ తరచు కంప్యూటరు చదవలేని స్కాన్ పేజీల్లో. 2024 మే 13న ఓటేసిన ఆంధ్రా ఓటరుకు, ఆ ఏప్రిల్‌లో పార్టీకి అందిన చందా 2024-25 లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఏడాదికి పైగా ఆగితేగాని తెలిసే వీలు లేకపోయింది. బ్రిటన్‌లో మూడు నెలలకోసారి, సార్వత్రిక ఎన్నికల వేళ వారంవారం చెప్పాలి. ఆ మాత్రం చేయడానికి మన ఎన్నికల సంఘానికి సాంకేతికత కొరత లేదు. పెద్ద రాష్ట్రాల్లో అభ్యర్థికి లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు అని గీత గీసి, పార్టీ ఖర్చుకు ఏ గీతా గీయని చట్టానిది ఇంకో వింత. అది ఇంకో వ్యాసానికి సరిపడా ఉంది.

చందాల చట్టం పార్లమెంటుది, నిజమే. రెండో ఖాతా, ఫైళ్ల తేదీలది, మాత్రం రాష్ట్రాలది. నిజానికి తెలుగు రాష్ట్రాలకన్నా మంచి ప్రయోగశాల పరిశోధకుడికి దొరకడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019, 2024లో, తెలంగాణలో 2023లో అధికారం చేతులు మారింది. ఆంధ్రలో 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది, 2024లో పోయింది. ఇలాంటి ప్రతి మలుపు దగ్గరా ఏ కాంట్రాక్టరు అంచనాలు పెరిగాయి, ఎవరి పని రద్దయింది, ఎవరి బిల్లు ఎన్ని రోజులకు పాసయింది అన్నది ఆన్‌లైన్ ఖజానా వ్యవస్థలో తేదీలతో సహా నమోదై ఉంది. మన దగ్గర దాతా నాయకుడూ ఒక్కడే అయిన సందర్భాలు, కాంట్రాక్టరే ఎమ్మెల్యేగానో ఎంపీగానో నిలబడ్డ సందర్భాలు, తక్కువేమీ కాదు గనుక, కంపెనీల వెనక అసలు యజమానులెవరో కూడా ఆ రికార్డుకు జతచేయాలి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న రెండు ప్రభుత్వాలూ కోటి రూపాయలు దాటిన ప్రతి పనికీ టెండరు తేదీ, అంచనా సవరణ తేదీ, బిల్లు పెట్టిన తేదీ, చెల్లించిన తేదీ నెలనెలా బయటపెట్టాలి. అందుకు ఒక్క జీవో చాలు. ఆ జీవో ఎప్పుడిస్తారో శాసనసభ్యులు సభలో అడగాలి, వాళ్లు అడగకపోతే ఓటర్లు వాళ్లను అడగాలి.